ఈ కాగితం తిరిగి రావడానికి కాదు

మా నాన్నను నేను చూడలేదు. ఆయనా నన్ను చూడలేదు. నేను కడుపులో ఉండగానే ఆయన పటాలంలో చేరి ఓడ ఎక్కాడు. నదుల మీద వంతెనలు వేయడం ఆయన దళం పని. 1943 డిసెంబరులో, నాకు పదకొండో నెల నడుస్తుండగా, ఇటలీలో చనిపోయాడు. ఆ సంగతి చెబుతూ సర్కారు నుంచి వచ్చిన కాగితాన్ని పాస్టరు గారు మా అమ్మకు చదివి వినిపించారట. అందులో దేశం పేరే ఉంది, ఊరి పేరు లేదు.

నాకు నాలుగేళ్ళప్పుడు అమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకుని ఖరగ్‌పూర్ వెళ్ళిపోయింది. బాపట్ల స్టేషన్లో అమ్మమ్మ చంకలో ఉండి ఆ రైలును చూశాను. ఆ తర్వాత ఎవరినీ సాగనంపడానికి వెళ్ళలేదు. మా ఆయనను గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే వంటింట్లో గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఆయన తిరిగి రాలేదు. మా అమ్మాయి కమలకుమారి కెనడా విమానం ఎక్కిన రోజున ఇంట్లో కూర్చుని కందిపప్పు ఏరాను. ఏరిన పప్పునే మళ్ళీ ఏరాను.

నేను బడికి వెళ్ళింది రెండేళ్ళే. తెలుగు చదవడం కొట్టువాడు కట్టిచ్చిన పొట్లాల కాగితాల మీద, గుడిలో పాటల పుస్తకం మీద నేర్చుకున్నాను. అరవై ఎనిమిదో ఏట హామిల్టన్‌లో కూతురి ఇంటికి వచ్చాక, ఐదేళ్ళ మనవడు ఎరిక్ పక్కన కూర్చుని ఇంగ్లిషూ నేర్చుకున్నాను. అప్పటినుంచి కంటపడిన ప్రతి అక్షరం చదువుతాను. మందు సీసా చుట్టూ ఉన్నది, కరెంటు బిల్లు వెనక ఉన్నది, బస్సు అద్దం మీద అంటించింది, ఏదీ వదలను. చెడు ఎప్పుడూ చిన్న అక్షరాల్లోనే ఉంటుందని నా భయం. మా ఇంట్లో వాళ్ళు నవ్వుతారు కానీ, ఏ కాగితం వచ్చినా ముందు నా చేతికే ఇస్తారు.

2023 జనవరిలో ఒక ఆదివారం ఎరిక్ కంప్యూటర్ ముందు నుంచి అరిచాడు. "అమ్మమ్మా, ఐ థింక్ ఐ ఫౌండ్ హిమ్!"

తెరమీద ఒక పట్టిక. మా నాన్న పేరు, సంతోషం. సాపర్, అంటే వంతెనలు కట్టే సిపాయి, మద్రాసు దళం, వయసు ఇరవై మూడు, సమాధి ఉన్న వరుస, అంకె. ఇటలీ కొండల్లో రోక్కలూవా అనే చిన్న ఊరి కింద, యుద్ధంలో చనిపోయిన వాళ్ళను పూడ్చిన తోట ఉందట. ఎనభై ఏళ్ళు నేను ఎక్కడని అడగకుండా ఉన్న మనిషికి ఒక వరుస, ఒక అంకె ఉన్నాయి. నేను ఆ అంకెను నాలుగైదు సార్లు చదివాను.

జూన్‌లో నన్ను తీసుకెళ్తానని కమలకుమారి టికెట్లు కొంది. అది ఆసుపత్రిలో నర్సు. మే నెలలో మనుషులు చాలక అక్కడ అందరి సెలవులూ రద్దు చేశారు.

"వచ్చే ఏడాది వెళ్దామమ్మా," అంది.

"నా గుండె కవాటం సంగతి డాక్టరు నీకే కదే చెప్పింది? వచ్చే ఏడాదంటావేమిటి?" అన్నాను.

అల్లుడికి ఓక్‌విల్ కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టులు. ఎరిక్‌కు పరీక్షలు. అప్పుడే బేస్‌మెంట్ మెట్లెక్కి వచ్చి గిన్నె తిరిగి ఇవ్వబోతున్న చాందిని ఆగింది. "నేను తీస్కపోతా అమ్మమ్మను. నాకు ఆగస్టు దాకా క్లాసుల్లేవు. కాఫీ షాపులో రెండు వారాలు లీవ్ అడుగుతా," అంది.

చాందిని మా బేస్‌మెంట్‌లో ఉండే ముగ్గురు ఆడపిల్లల్లో ఒకతె. సూర్యాపేట పిల్ల. ఆ ఏడాది మా వీధిలో బేస్‌మెంట్ ఉన్న ప్రతి ఇంట్లోనూ మన పిల్లలే. పొద్దున బస్‌స్టాపులో నిలబడితే బాపట్ల బజారులో ఉన్నట్టుండేది. చాందినికి కిందటేడు కామెర్లు వచ్చి ఒక సెమిస్టర్ పోయింది. నేను చప్పిడి కూడు వండి మెట్ల మీద పెట్టేదాన్ని. అప్పటినుంచి ఎరిక్‌లాగే నన్ను అమ్మమ్మా అనడం మొదలుపెట్టింది. పోయిన సెమిస్టర్ కోసం స్టడీ పర్మిట్‌ను ఇక్కడినుంచే పొడిగించుకుంది. ఇంకొక్క సెమిస్టర్ పూర్తి చేస్తే వర్క్ పర్మిట్‌కు అప్లై చేయొచ్చు. తమ్ముణ్ణి చదివిస్తానని, వాళ్ళమ్మను కుట్టుమిషను మీద నుంచి లేపుతానని నాతో చెప్పేది.

నాకు కెనడా పాస్‌పోర్టు ఉంది కనుక ఇటలీకి వీసా అక్కర్లేదు. చాందినికి కావాలి. బ్రాంప్టన్‌లో ఒక ఏజెంటు కాగితాలు పెట్టాడు. మూడు వారాలకు స్టాంపు వచ్చింది. ఇక పని అయిపోయిందని అందరం అనుకున్నాం.

మా ఇంట్లో ఒక అలవాటు ఉంది. ఎవరు ప్రయాణం కట్టినా, బయల్దేరే రోజు పొద్దున పాస్‌పోర్టులూ టికెట్లూ బల్లమీద బైబిలు పక్కన పెడతాం. ఇంట్లో పెద్దవాళ్ళు వాటిని ఒక్కొక్కటీ తెరిచి, పేరూ తేదీలూ పైకి చదివి, మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. మా అమ్మమ్మ రైలు టికెట్టుకు చేసేది. ఇప్పుడు ఇంట్లో పెద్దదాన్ని నేనే.

చాందిని కూడా తన పాస్‌పోర్టు తెచ్చి పెట్టింది. "నాక్కూడా చెయ్యి అమ్మమ్మా. మీ దేవుడు మా వాళ్ళకి కూడా చూస్తడా?"

"చూస్తాడులే. తల మీద చున్నీ వేసుకో," అంది కమలకుమారి.

నాది చదివాను. తర్వాత చాందినిది తెరిచాను. పేరు, పుట్టిన తేదీ. ఇటలీ స్టాంపు బాగానే ఉంది. వెనక్కి ఇంకో పేజీ తిప్పాను. అక్కడ కెనడా వీసా. దాని గడువు ఏప్రిల్ ముప్పైతో ముగిసింది. మేం ఉన్నది జూన్ ఏడో తారీఖున.

పాస్‌పోర్టులో మడిచి పెట్టిన స్టడీ పర్మిట్ విప్పాను. దాని గడువు డిసెంబరు దాకా ఉంది. ఒక్క క్షణం ఊపిరి వచ్చింది. కిందికి చదివాను. అడుగున, పెద్ద అక్షరాల్లోనే, ఒక ఇంగ్లిషు వాక్యం ఉంది. ఈ కాగితంతో దేశంలోకి తిరిగి ప్రవేశించే హక్కు లేదని.

నాకు అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకోవడానికి లేదు. ఉన్నన్నాళ్ళు ఇక్కడ ఉండి చదువుకోవచ్చు, గడప దాటితే మళ్ళీ లోపలికి రావడానికి వేరే కాగితం కావాలి, ఆ కాగితానికి కాలం చెల్లిపోయింది. అది ఇంత చదువుకున్న పిల్లకు తెలియలేదు, ఏజెంటు చెప్పలేదు, నా కూతురు చూడలేదు. పర్మిట్ పొడిగిస్తే అన్నీ పొడిగించినట్టేనని అందరూ అనుకున్నారు.

బల్ల చుట్టూ నలుగురు తలలు వంచి ఉన్నారు. చాందిని కళ్ళు గట్టిగా మూసుకుంది. హాల్లో పెట్టెలు సర్ది ఉన్నాయి. విమానం ఐదు గంటలకు. చెబితే ఆ పిల్ల ఆగిపోతుంది. ఆ పిల్ల ఆగితే నేనూ ఆగిపోతాను. మళ్ళీ ఎవరికి సెలవు దొరుకుతుంది? నా గుండె ఎంతకాలం ఓపుతుంది?

ఏమీ కాదేమో అనుకున్నాను. ఇటలీ వాళ్ళు అన్నీ చూసే కదా స్టాంపు వేశారు అనుకున్నాను. పర్మిట్ మడిచి, ఉన్నచోటే పెట్టాను. రెండు పాస్‌పోర్టుల మీద చెయ్యి పెట్టాను.

"ప్రభువా, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ వీళ్ళకు తోడుగా ఉండు," అన్నాను.

అందరూ ఆమెన్ అన్నారు. చాందిని అందరికంటే గట్టిగా అంది.

*

రోమ్ నుంచి మూడు గంటలు బస్సులో కొండలు ఎక్కాం. ఆపైన టాక్సీ. రోక్కలూవా ఒక కొండ నెత్తిమీద, రాతి దిమ్మెకు అతుక్కుని ఉన్న ఊరు. ఊళ్ళోకి పోవడానికి ఒకటే దారి, ఒకటే రాతి ద్వారం. ద్వారం కింద రాళ్ళు ఎనిమిది వందల ఏళ్ళ బండి చక్రాలకు అరిగి కాలువలు పడ్డాయి. లోపల వీధులు లేవు, అన్నీ మెట్లే. పైన ఒక బురుజు, సగం కూలినది. యుద్ధంలో ఫిరంగి గుండు తగిలిందట. మిగతా సగం అలాగే ఉంచేశారు.

"ఈ మెట్లు కట్టినోనికి మోకాళ్ళు లేవనుకుంటా," అంది చాందిని. నా చెయ్యి తన భుజం మీద వేసుకుని, ఒక్కో మెట్టుకూ ఆగుతూ ఎక్కించింది. "పది మెట్లకు ఒక బిస్కెట్ అమ్మమ్మా. లంచం."

"షుగరుందే నాకు."

"అయితే నేను తింటా, నువ్వు ఎక్కు."

దారి పొడుగునా తాళాలు. తలుపుల మీద రంగు పొలుసులుగా లేస్తోంది. కొన్ని తలుపులకు చిన్న చీటీలు అంటించి ఉన్నాయి. చాందిని ఫోన్‌లో చూసి చెప్పింది, ఇల్లు అమ్మబడునని. ఊరి మధ్య చిన్న చదును, ఒక గుడి, ఒక కాఫీ కొట్టు. కొట్టు నడిపే ఆవిడకు నా వయసుకు ఓ పదేళ్ళు తక్కువ ఉంటాయి. మేం ఎక్కడినుంచి వచ్చామని అడిగింది.

"కెనడా," అంది చాందిని. "హామిల్టన్."

ఆవిడ రెండు చేతులూ పైకెత్తింది. గబగబా చెబుతుంటే ఫోన్‌లో అనువాదం అందుకోలేకపోయింది. ఆవిడ మేనమామలు ముగ్గురూ హామిల్టన్ ఉక్కు ఫ్యాక్టరీకే పోయారట. ఈ వరుస ఇళ్ళన్నీ పోయినవాళ్ళవేనట. ఒకప్పుడు తొమ్మిది వందల మంది ఉండేవాళ్ళు, ఇప్పుడు నలభై ఒకరు. యుద్ధం తర్వాత ఒక్క ఏడాదిలో రెండు బస్సుల మనుషులు ఆ ద్వారం దాటిపోయారని, అప్పుడు తనకు ఆరేళ్ళని, వాళ్ళమ్మ మెట్ల మీద కూర్చుని ఏడ్చిందని చెప్పింది.

"వాళ్ళు తిరిగి వచ్చారా?" అని అడగమన్నాను.

చాందిని అడిగింది. ఆవిడ భుజాలు ఎగరేసి నవ్వింది. "పెట్టెల్లో ఇద్దరు వచ్చారట. శవపెట్టెల్లో," అని చాందిని చెప్పి, నా మొహం చూసి, "ఎందుకు అడిగినవ్ అమ్మమ్మా అసొంటివి?" అంది.

అప్పుడు చెప్పాలనిపించింది. కాఫీ ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఎండ ఉంది. ఆ పిల్ల వాళ్ళమ్మకు పంపడానికి బురుజు ఫొటో తీస్తోంది. నోరు తెరిచాను కూడా. "ఏందమ్మమ్మా?" అంది. "చక్కెర వేయకు," అన్నాను.

మధ్యాహ్నం టాక్సీలో కొండ కిందికి దిగాం. సమాధుల తోటలో గడ్డి పొట్టిగా కత్తిరించి ఉంది. తెల్లరాళ్ళు వరుసల్లో నిలబడి ఉన్నాయి. మన వాళ్ళ వరుసలు ఒక పక్కకు ఉన్నాయి. ఎన్నో పేర్లు, ఎన్నో భాషల అక్షరాలు. అంకె నాకు నోటికి వచ్చు కనుక చాందిని కంటే ముందు నేనే చూశాను.

రాయి మీద సంతోషం అని ఇంగ్లిషులో చెక్కి ఉంది. కింద సిలువ. వయసు ఇరవై మూడు. చాందిని తన చున్నీ కొసను నీళ్ళ సీసాతో తడిపి, రాయి మీద పిట్టల రెట్టలు తుడిచింది. కొట్టు ఆవిడ ఇచ్చిన పూలకుండీని రాయి మొదట్లో పెట్టింది. తర్వాత దూరంగా వెళ్ళి నిలబడింది, నాకు తెలిసేటట్టు అటు తిరిగి.

నాకు ఏం పిలవాలో తెలియలేదు. నాన్నా అని ఎవరినీ ఎప్పుడూ పిలవలేదు. ఆ మాటకు నా నోట్లో చోటే లేదు. ఊరికే రాయి అంచు పట్టుకున్నాను. ఎండకు వెచ్చగా ఉంది. ఏడుపు వస్తుందేమోనని ఎదురు చూశాను, రాలేదు. ఆ రాయి ముందు నిలబడి కూడా నేను చాందిని పాస్‌పోర్టు గురించే ఆలోచించాను. మా నాన్న దగ్గరకు ఎనభై ఏళ్ళకు చేరి, ఇంకొకళ్ళ పిల్లను ఏం చేశానా అని లెక్క చూసుకున్నాను.

చాందిని వెనక్కి వచ్చి, రాయి మీద వయసు చదివింది. తర్వాత, "తాతకు ఇరవై మూడేనా? నాకూ ఇరవై మూడే," అంది.

*

రోమ్ విమానాశ్రయంలో నా పాస్‌పోర్టు చూసి వెంటనే బోర్డింగ్ కాగితం ఇచ్చారు. చాందినిది తీసుకున్న అమ్మాయి పేజీలు ముందుకూ వెనక్కీ తిప్పింది. కెనడా వీసా ఎక్కడ అంది. చాందిని నవ్వుతూ స్టడీ పర్మిట్ తీసి ఇచ్చింది. ఆ అమ్మాయి చదివి, పై అధికారిని పిలిచింది. ఆయన వచ్చి చదివి, అడుగున ఉన్న వాక్యం మీద వేలు పెట్టి, కాగితాన్ని చాందిని వైపు తిప్పాడు.

చాందిని ఆ వాక్యాన్ని చదువుతున్నప్పుడు నేను ఆ పిల్ల మొహం చూడలేదు. ఆయన వేలిగోరు చూస్తూ ఉన్నాను.

"సర్, నాకు సెప్టెంబరులో క్లాసులున్నయి," అంది ఇంగ్లిషులో. "ఐ లివ్ దేర్." ఆయన తల అడ్డంగా ఊపాడు. వేరే దేశం నియమం, తన చేతిలో లేదన్నాడు. మా వెనక వరుస పెరుగుతోంది.

విమానాశ్రయం వాళ్ళు నాకిచ్చిన చక్రాల కుర్చీ పక్కన చాందిని మోకాళ్ళ మీద కూర్చుంది. "అమ్మమ్మా, నువ్వు చదివినవ్ కదా ఆరోజు పొద్దున?"

"చదివాను."

"ఇది చూడలేదా?"

ఆ పిల్ల నన్ను నిందించడానికి అడగలేదు. నేను చూసి ఉంటే అది పెద్ద విషయం కాదేమోనన్న ఆశతో అడిగింది. అది నాకు తెలుసు.

"చూడలేదమ్మా," అన్నాను.

కుర్చీ తోసే మనిషి వచ్చి నిలబడ్డాడు. గేటుకు టైమవుతోందన్నాడు. చాందిని ఫోన్‌లో కమలకుమారితో మాట్లాడింది. ఇటలీ వీసా ఇంకా ఆరు రోజులుంది, ఈలోపు హైదరాబాద్ టికెట్ తీస్తాను, అక్కడినుంచి మళ్ళీ వీసా అప్లై చెయ్, నెలలో వచ్చేస్తావు అని కమలకుమారి గట్టిగా చెబుతోంది. ఫోన్ పెట్టేసి చాందిని నా చేతిసంచి తెరిచి మందుల డబ్బా పైకి పెట్టింది.

"ఎనిమిదింటికి తెల్లది, తిన్నంక పచ్చది. విమానంలో సల్లగుంటది, సాలువ తీసి కప్పుకో."

నేను ఉంటాను నీతో, నిన్ను హైదరాబాద్ విమానం ఎక్కించి వెళ్తాను అనాల్సింది. నాకు భయం వేసింది. తెలియని ఊళ్ళో, మందులు అయిపోతే, గుండె ఆగితే అని భయం. కుర్చీ కదిలింది. నేను వెనక్కి తిరగలేదు. ఎవరు పోతున్నా చూడనిదాన్ని, నేను పోతూ కూడా చూడలేదు.

టొరంటోలో ఆఫీసరు నా పాస్‌పోర్టు చూసి ఒంటరిగానే వెళ్ళొచ్చావా అని అడిగాడు. అవునన్నాను.

*

చాందిని సూర్యాపేట నుంచి అప్లై చేసింది. ఆగస్టు చివర్లో తిరస్కరించారు. చదువు అయ్యాక దేశం విడిచి వెళ్తుందన్న నమ్మకం కలగలేదట. సెప్టెంబరు సీటు పోయింది. కాలేజీ జనవరికి మార్చింది, మళ్ళీ అప్లై చేసింది. నవంబరులో రెండోసారి తిరస్కరించారు. కింద ఆ పిల్ల మంచం మీదికి ఒంగోలు అమ్మాయి వచ్చింది. చాందిని బట్టలు, పుస్తకాలు, చలికోటు నా గదిలో రెండు పెట్టెల్లో ఉన్నాయి.

మొదట్లో వారానికోసారి ఫోన్ చేసేది. నా మందుల గురించి అడిగేది. తర్వాత నెలకోసారి. డిసెంబరులో ఒక పొద్దున నేనే చేశాను. అక్కడ సాయంత్రం. వెనకాల కుట్టుమిషను చప్పుడు వినిపిస్తోంది.

"కాలేజోళ్ళు ఇంక కుదరదన్నరమ్మమ్మా," అంది. "వచ్చే వారం హైదరాబాద్‌ల ఒక ఆఫీసుల చేరుతున్న, ఫోన్లు ఎత్తే పని. నా సామాన్ ఎవరికన్న ఇచ్చేయ్. కోటు ఆ ఒంగోలు పిల్లకివ్వు, మస్తు సలి కదా ఇప్పుడక్కడ."

"చాందినీ," అన్నాను. "నేను చూశాను."

"ఏం చూసినవ్?"

"నీ వీసా తేదీ. పర్మిట్ మీద రాసింది. ప్రార్థన రోజు పొద్దునే చూశాను. అర్థమైంది. చెబితే ప్రయాణం ఆగిపోతుందని చెప్పలేదు."

కుట్టుమిషను తిరుగుతూనే ఉంది. ఆ పిల్ల లేచి ఎక్కడికో నడిచినట్టుంది, చప్పుడు దూరమైంది.

"ఆరు నెలల నుంచి నన్ను నేను తిట్టుకుంటున్న," అంది. గొంతు పెంచలేదు. "ఒక్క లైను చదువుకోని దాన్ని చదువుకు ఎందుకు పంపిన్నా అని మా అమ్మ అంటే, నిజమే అనుకున్న. రోజూ అనుకున్న. మీరు మంచిగున్నరా, మందులేసుకున్నరా అని ఫోన్ చేసిన నేను."

"తప్పే తల్లీ. నేను..."

"ఇప్పుడెందుకు చెప్పిన్రు? ఇప్పుడు చెప్తే ఏమొస్తది నాకు?"

నాకు బరువు తగ్గుతుందని చెప్పానని అప్పుడే తెలిసింది. తగ్గలేదు.

"మా అమ్మ పిలుస్తుంది," అని పెట్టేసింది.

మళ్ళీ చేశాను. మోగింది, ఎత్తలేదు. మధ్యాహ్నం చేశాను. అసలు మోగలేదు. ఆ వారమంతా చేశాను. ఎరిక్‌ను అడిగితే ఫోన్ తీసుకుని చూసి, "షీ బ్లాక్డ్ యూ, అమ్మమ్మా. వై వుడ్ షీ బ్లాక్ యూ?" అన్నాడు.

డ్యూటీకి తయారవుతున్న కమలకుమారి ఆ మాట విని గుమ్మంలో ఆగింది. ఒక బూటు వేసుకుంది, ఇంకోటి చేతిలో ఉంది.

"చాందినీయా? ఏమైందమ్మా? దానికేమన్నా అయిందా?"

ఎరిక్ నా వైపు చూస్తున్నాడు.

"నంబరు మార్చిందేమో," అన్నాను.